తలుపు కాకా, ఇరవై మూడో శతాబ్దం

నల్లగొండకు ఇరవై మూడో శతాబ్దం ఎప్పుడో వచ్చేసింది. నమ్మనివాళ్లు గడియారం సెంటర్‌కు కొంచెం అవతలున్న ఒక ఆఫీసుకు రండి. పేరు చెప్పను, నా ఫైలు ఇంకా అందులోనే ఉంది. ఆ ఆఫీసుకు అద్దాల ఆటోమేటిక్ తలుపు పెట్టారు. ప్రారంభోత్సవం నాడు రిబ్బన్ కత్తిరించకముందే తెరుచుకుని కొంచెం మర్యాద తప్పింది కానీ, బుద్ధి మంచిదే. కొన్నాళ్లకు సెన్సర్ పోయింది. అప్పట్నుంచీ ఇంకా బాగా పనిచేస్తోంది. పక్కన స్టూలు మీద కాకా కూర్చుంటాడు, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే గుంజుతాడు. సెన్సర్‌కు మనుషులంతా ఒక్కటే. కాకాకు అట్లా కాదు: పెద్దసారుకైతే పూర్తిగా, నాలాంటోనికి ఒక భుజం పట్టేంత.

దీన్ని వెనుకబాటు అనేవాళ్లకు చరిత్ర తెలియదని సవినయంగా మనవి చేస్తున్నాను. 1966లో అమెరికాలో మొదలైన, ఇరవై మూడో శతాబ్దంలో జరిగే 'స్టార్ ట్రెక్' టీవీ సీరియల్లో అంతరిక్ష నౌక తలుపులు మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే తెరుచుకునేవి. జనం నోళ్లు వెళ్లబెట్టి చూశారు. గోడ వెనక నిలబడి లాగింది మాత్రం మనుషులే. వాళ్లు ఒక్క క్షణం ఆలస్యం చేస్తే నటుల ముక్కులు చెక్కకు తగిలేవి. 'ష్‌ష్' అనే చప్పుడు తర్వాత కలిపారు. ప్రతి వారం నౌకను కొత్త గ్రహం మీద దింపాలంటే ఖర్చు తట్టుకోలేక, మనుషుల్ని ఇక్కడ మాయం చేసి అక్కడ తేల్చారు. మా ఆఫీసుకు ఈ విద్య సగం వచ్చు. ఫైలు మాయం కావడం వరకు ఢోకా లేదు.

పైసా ఖర్చులేని మాయ మనకేం కొత్త? పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో స్తంభాలు నిలబెట్టిన తీరుకే గర్భగుడిలో పగలంతా నీడ కదలకుండా ఉంటుంది. దానికి టెండరూ లేదు, రిపేరు బిల్లూ లేదు.

ఆ సీరియల్లో ఉహూరా అనే సమాచార అధికారిగా వేసిన నిషెల్ నికోల్స్ జ్ఞాపకాలు వింటే నాకు కాకానే గుర్తొస్తాడు. చెవిలో మెరిసే గొట్టం, ఎదురుగా మీటలు, లైన్లు తెరిచానని కెప్టెన్‌కు చెప్పడం. చాలా వారాలు అంతే పని. రాసిన డైలాగులు కత్తెరకు పోయేవి. మొదటి సీజన్ అయ్యాక విసిగిపోయి మానేస్తానని చెప్పేసింది. అంతలో ఒక సభలో, మీ అభిమాని ఒకాయన కలవాలంటున్నాడన్నారు. తిరిగి చూస్తే మార్టిన్ లూథర్ కింగ్! నల్లజాతి ఆడమనిషి ఆ కుర్చీలో కనిపించడం ఎంత పెద్ద సంగతో చెప్పి, మానొద్దన్నాడు. ఆగిపోయింది. 1977లో నాసా తరఫున బయల్దేరి, వ్యోమగాములుగా చేరండని ఆడవాళ్లనూ నల్లజాతివాళ్లనూ పిలిచిందీ ఆమే.

కాకా కూడా పోయిన దసరాకు మానేస్తనన్నాడు. సూపరింటెండెంటు గొంతు పూడుకుపోయిందట. "నువ్వు పోతే ఈ తలుపెవరు తీస్తరు కాకా? సర్కారు ఇజ్జత్ ఏంగావాలె?" కాకా ఆగిపోయాడు.

ఇదంతా ఆయనకు చెప్పాను. నిన్న పోతే తలుపు జరుగుతుంటే 'ష్‌ష్' వినిపించింది. కాకా నోటితోనే.

"మంచిగొచ్చిందా సారూ?"

"అచ్చం గట్లనే ఉంది కాకా."

"గా అమెరికల తలుపు గుంజినోళ్లకు జీతం నెలనెలా ఇస్తుండెనా? నాకు నాలుగు నెలలాయె."

నేను జవాబు వెతుక్కునేలోపు పెద్దసారు మెట్లెక్కాడు. తలుపు పూర్తిగా తెరుచుకుంది, చప్పుడుతో సహా.