కోయిల లేని ఉగాది

ఈసారి ఉగాది కవి సమ్మేళనంలో మేం పదకొండు మందిమి చదివాం. తొమ్మిది కవితల్లో కోయిల కూసింది. బయట పార్కింగులో చిమ్మి పోసిన మంచు గుట్టలు ఇంకా కరగలేదు. మిషిగన్‌లో మార్చి అంటే అంతే కదా!

నేను పక్కింటి మేపుల్ చెట్టు మీద రాశాను. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఈ రోజుల్లోనే దాని మానులో తియ్యని నీరు ఊరుతుంది. పక్కింటి పెద్దాయన మానుకు చిన్న తొర్ర పెట్టి, బకెట్ తగిలిస్తాడు. సుమారు నలభై గ్యాలన్లు కాస్తే ఒక్క గ్యాలన్ పాకం. తాటిచెట్లకు కల్లు కుండలు కట్టే ఊళ్లో పెరిగినవాణ్ణి, ఆ బకెట్ చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఇంటికొచ్చి రాసుకున్నాను:

ఇక్కడి చెట్టుకూ కుండ కట్టారు,
అందులో చుక్కచుక్కగా చలికాలం.

చదవడం అయ్యాక కార్యవర్గంలోని ఒక పెద్దాయన శాలువా కప్పుతూ, మైకు ముందే, "బాగుంది బాబూ, ఇంతకీ ఇందులో ఉగాది ఎక్కడ?" అన్నారు. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. కారులో నవ్వు రాలేదు.

కోయిల మీద నాకు కోపం లేదు. అమ్మ ఎండబెట్టి పంపిన వేపపువ్వు పొట్లం మా ఫ్రీజర్‌లో మూడేళ్లుగా ఉంది, పారెయ్యడానికి చెయ్యి రాదు. అయితే మన కవితల్లో కూసేది మనం విన్న కోయిల కూడా కాదేమో, వేరే కవితల్లోంచి ఎగిరొచ్చిన కోయిల. కుహూ అని కూసేది మగపక్షి. నేనూ పాతికేళ్లు "కోయిలమ్మా" అనే రాశాను! పైగా ఆ పక్షి ఈ ఖండంలోనే లేదు.

మొన్న మా అమ్మాయి గడ్డిలో వానపాముల కోసం పొడుస్తున్న రాబిన్‌ను చూపించి, "నాన్నా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. నిఘంటువు తియ్యలేదు. దాని ఇటుకరంగు పొట్ట చూసి "ఎర్రరొమ్ము పిట్ట" అన్నాను. అప్పటికప్పుడు పుట్టిన పేరే. పిల్ల దాన్ని నోటుపుస్తకంలో రాసుకుంది, ఒత్తు ఒక్కటి తప్పుగా.

కార్యవర్గానికి నాదొక విన్నపం. వచ్చే ఉగాదికి కోయిలలన్నీ కూయనివ్వండి, మామిడి పూత పూయనివ్వండి. ఒక్క పావుగంట మాత్రం ఇక్కడ కళ్లారా చూసినవాటి మీద రాసిన కవితలకు ఇవ్వండి. వాటికి శాలువాలు అక్కర్లేదు. మా అమ్మాయి ఎర్రరొమ్ము పిట్ట మీద నాలుగు పంక్తులు రాస్తోంది. మొదటి పేరు తనది రాసుకోండి.