కార్బైన్ దొరవారి సముఖమునకు

మహారాజశ్రీ పిస్టల్ క్యాలిబర్ కార్బైన్ గారికి, తిరుపతి కొర్లగుంట నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు డల్లాస్‌లో మా అక్క కొడుకు ఇంటికి దయచేయబోతున్నారని తెలిసి ఈ నాలుగు ముక్కలు.

వాడి దగ్గర గ్లాక్ 19 అనే 9 ఎంఎం పిస్టల్ ఉంది. దానికి తోడుగా ఇప్పుడు పిస్టల్ తూటానే కాల్చే పొట్టి రైఫిల్, అంటే తమరు కావాలట. మేము పడుకునే వేళకు వాట్సాప్‌లో ఫొటోలు దిగుతాయి. "మామా, ఇది బాగుందా, అది బాగుందా?" నేనేదో తుపాకుల కొట్టు నడుపుతున్నట్టు! నేను పట్టిన ఆయుధమల్లా దీపావళి పిస్తోలు. అదీ రీలు ఇరుక్కుపోయి సగంసార్లు పేలేది కాదు.

అయినా మేనమామను కదా, చదివాను. చూడబోతే తమరి గొప్పలో ముప్పాతిక వంతు అరువు సరుకే. తూటా పిస్టల్‌ది, వీలైతే తూటాలు నింపే పెట్టె, అదే మ్యాగజైన్, కూడా పిస్టల్‌దే. రూగర్ పీసీ కార్బైన్‌లో మ్యాగజైన్ దూర్చే గూడు మారిస్తే గ్లాక్‌ది పడుతుంది. సగానికి మడిచే సబ్-2000 కార్బైన్‌లో గ్లాక్ మ్యాగజైన్లకని ఒక రకమే ఉంది. అది కుదిరిందా, సంచిలో అన్నీ ఒకే మ్యాగజైన్లు. కుదరకపోతే ఇంక తమరెందుకండీ? మావాడు ఆ ఒక్కటి తప్ప అన్నీ అడుగుతాడు. రంగు, లైటు, బెల్టు.

చిత్తూరులో మా పెదనాన్న కొడుకు ఏఆర్ (సాయుధ పోలీసు) హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఆయన మోసింది కాన్పూర్‌లో తయారైన 9 ఎంఎం కార్బైన్. తమరిలా నొక్కిన ప్రతిసారీ ఒక్కటి కాదు, వరసపెట్టి కాల్చేది. ఎడమ పక్కకు పొడుచుకొచ్చే మ్యాగజైన్‌లో 34 రౌండ్లు, అంటే తూటాలు. పిస్టలూ 9 ఎంఎమ్మే, దాని మ్యాగజైన్‌లో 13. "రౌండు ఒకటేరా, మ్యాగజైన్ మాత్రం దీనిది దానికి పట్టదు" అన్నాడు. ఫైరింగ్ అయ్యాక గడ్డిలో వంగి తూటాల ఖాళీ కేసులు ఏరేవాళ్లట. లెక్కలో ఒకటి తగ్గినా అది దొరికేదాకా భోజనం లేదు.

ఇక తమరి 16 అంగుళాల గొట్టం. అది తూటా కోసం కాదు, చట్టం కోసం. అంతకన్నా పొట్టిగా ఉంటే 1934 నాటి అమెరికా చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ తంటా. అంత పొడుగు గొట్టంలోనూ 9 ఎంఎంకు పెరిగే వేగం సెకనుకు వందా రెండొందల అడుగులే. రివాల్వర్ తూటా .357 మాగ్నమ్ అయితే బాగా పుంజుకుంటుంది. బరువులో మాత్రం తమరిలో కొందరు అసలు రైఫిల్‌కు తీసిపోరు. రూగర్‌లో కాల్చినప్పుడల్లా ముందుకూ వెనక్కూ కదిలే బోల్టులో బరువైన టంగ్‌స్టన్ లోహపు దిమ్మ కూడా పెట్టారు. ఒక్క మంచి మాట చెప్పాలంటే, భుజానికి ఆనించి కాలుస్తారు కాబట్టి కొత్తవాళ్లకు గురి తొందరగా కుదురుతుంది.

వాడితోపాటు తిరుపతి వద్దామనుకుంటున్నారేమో. ఇక్కడ 9 ఎంఎం నిషేధిత బోరు, అంటే మామూలు జనానికి లైసెన్సు ఇవ్వని తూటా సైజు. పిస్టల్ లైసెన్సున్నవాడు కూడా .32 లాంటి వాటితో సరిపెట్టుకోవాలి. 2019 ఆయుధాల చట్ట సవరణ తర్వాత మామూలు మనిషికి రెండు తుపాకులకు మించి లేవు. ఎన్నికల కోడ్ వస్తే అవీ చాలావరకు స్టేషన్‌కే. అలిపిరి తనిఖీలో బీడీకట్టకే దారి లేదు, తమరినా కొండెక్కనిచ్చేది?

మా అక్కకు తమరి సంగతి ఇంకా చెప్పలేదు. వేసవికి డల్లాస్ వెళ్తోంది. అందుకే సగానికి మడిచే రకం కొని తాళం వేసి పెట్టరా అన్నాను. సబ్-2000 పాత మోడళ్లలో పైన రెడ్ డాట్, అంటే ఎర్రచుక్కతో గురి చూపే అద్దం, బిగిస్తే మడత పడదట. మావాడు రెడ్ డాట్ ముందే కొనేశాడు.

ఇట్లు,
గ్లాక్ 19 గారి మేనమామ