థర్మోస్టాట్ పీకించేసి, మైలేజీ రావట్లేదంటే ఎలా?

మన విశాఖలో కారు ఒక్కసారి హీటెక్కితే చాలు, మొదట వినిపించే సలహా ఇది: "మన ఎండలకి థర్మోస్టాట్ అక్కర్లేదండీ, పీకేద్దాం." దయచేసి ఒప్పుకోకండి. బయట 40 డిగ్రీలు మనకి మంటే గానీ, 90 దగ్గర పనిచేయడానికి తయారైన ఇంజన్‌కి అది చల్లగాలే.

థర్మోస్టాట్ అంటే అరచేతిలో ఇమిడిపోయే వాల్వు. లోపల మైనం ఉంటుంది. దాని మీద 82 అనో 88 అనో ముద్ర ఉంటుంది. ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఆ వేడికి చేరితే మైనం ఉబ్బి వాల్వు తెరుచుకోవడం మొదలవుతుంది. అప్పటిదాకా కూలెంట్ ఇంజన్‌లోనే తిరుగుతుంది, రేడియేటర్‌కి పోదు. దాన్ని తీసేస్తే స్టార్ట్ చేసిన క్షణం నుంచే రేడియేటర్ చల్లబరచడం మొదలెడుతుంది. మద్దిలపాలెం సిగ్నల్లో ఆగి ఉన్నప్పుడు తేడా తెలీదు. మధురవాడ దాటి హైవే ఎక్కి 80లో పోతుంటే, ముఖ్యంగా డిసెంబర్ పొద్దున్న, ఇంజన్ 65, 70 దగ్గరే ఉండిపోతుంది.

అక్కడే పెట్రోలు పోతుంది. ఇంజన్ చల్లగా ఉందని టెంపరేచర్ సెన్సర్ చెప్పగానే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, పెట్రోలు ఎక్కువ వదులుతుంది, ఎందుకంటే చల్లటి గోడల మీద పెట్రోలు సరిగా ఆవిరి కాదు. ఐడిల్ ఆర్‌పీఎం పెంచుతుంది. చాలా ఆటోమేటిక్ బళ్లలో టార్క్ కన్వర్టర్ లాకప్‌ని, అంటే ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ జారకుండా నేరుగా కలపడాన్ని, వాయిదా వేస్తుంది. ఆయిల్ సంగతి ఇంకా దారుణం: 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్నదాని కంటే 40 దగ్గర దాదాపు ఆరు రెట్లు చిక్కన. ఆ చిక్కదనాన్ని తోసుకుంటూ తిరగడానికి ఖర్చయ్యేదీ మీ పెట్రోలే. పైగా కాలని పెట్రోలు, తేమ ఆయిల్‌లో కలిసి అక్కడే ఉండిపోతాయి. ఆయిల్ మూత తీస్తే కింద మీగడలా తెల్లటి పేరుకుడు కనిపిస్తే ఒక కారణం ఇదే. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీదా అలాగే ఉండి కూలెంట్ తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్‌కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ పైన ఉండే హెడ్‌కీ మధ్య సీలు) చూపించాలి.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూసేస్తుంది. దాన్ని పీకేస్తే కొంత కూలెంట్ రేడియేటర్‌కి పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వచ్చేస్తుంది. హీటింగ్ తగ్గడానికి పీకించారు, ఘాట్‌రోడ్డు ఎక్కేటప్పటికి అదే పెరిగింది!

అసలు దోషులు వేరే ఉంటారు. సముద్రపు ఉప్పుగాలికి రేడియేటర్ రేకులు శిథిలమైపోయి, వేలితో గీస్తే పొడిలా రాలతాయి. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య మట్టి పేరుకుంటుంది. రేడియేటర్ ఫ్యాన్‌కి కరెంటిచ్చే రిలే పోతుంది. బోరునీళ్లు పోసిపోసి లోపల సున్నపు పొర కడుతుంది. రేడియేటర్ మూత రబ్బరు పగిలితే ప్రెషర్ నిలవదు: సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపినది మంచి మూత కింద 120 దాటితే గానీ మరగదు, ప్రెషర్ లేకపోతే 107 దగ్గరే మరుగుతుంది. ఇవన్నీ చూడకుండా థర్మోస్టాట్ మీద పడటం అన్యాయం. అలాగని హీటింగ్‌ని వదిలేయమనట్లేదు. మరీ వేడెక్కితే పెట్రోలు తనంతట తానే అంటుకుని టకటకమనే నాకింగ్ వస్తుంది, ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, మైలేజీ అటునుంచీ పోతుంది.

మీరే చూసుకోవచ్చు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కి దూరంగా రేడియేటర్ పై గొట్టం పట్టుకోండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ నెమ్మదిగా వెచ్చబడుతుంటే వాల్వు తెరుచుకుని ఇరుక్కుంది, లేదా అసలు లేదు. స్కానర్లో పి0128 కోడ్ (కూలెంట్ ఉండాల్సిన వేడికి చేరట్లేదని) వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. సెన్సర్ బాగుందో లేదో కూడా చూడండి: రాత్రంతా ఆగిన బండిలో, స్టార్ట్ చేయకముందు, స్కానర్లో కూలెంట్ రీడింగూ ఇంజన్ పీల్చే (ఇన్‌టేక్) గాలి రీడింగూ దాదాపు ఒకటే ఉండాలి. కూలెంట్ మైనస్ 40 చూపిస్తే సెన్సర్ వైరు తెగినట్టే.

ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా అంటూ కొద్ది దూరమే వెళ్లేవాళ్లకి ఇంజన్ వేడెక్కేసరికే ఆఫీసు వచ్చేస్తుంది, థర్మోస్టాట్ బాగున్నా మైలేజీ తక్కువే. ఇంటి ముందు ఐదు నిమిషాలు ఐడిల్లో ఉంచితే ఇంకా నష్టం. అర నిమిషం చాలు, తర్వాత మెల్లగా నడపండి. నాలుగు పనులుంటే దూరంగా ఉన్నది ముందు పెట్టుకోండి, మిగతావి వేడి ఇంజన్‌తో అయిపోతాయి.

కొత్త థర్మోస్టాట్ వేయించేటప్పుడు కంపెనీ చెప్పిన డిగ్రీలదే అడగండి, 88 ఉన్న చోట 76 వేయనివ్వకండి. చిన్న గాలి వాల్వు ఉంటే అది పైకి రావాలి, గ్యాస్‌కెట్ కొత్తది పడాలి. కూలెంట్ పోశాక హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ ఆన్‌లో ఉంచి లోపల చిక్కుకున్న గాలి తీయించండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక మళ్లీ లెవెల్ చూడండి. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తీయకండి.