అనుభవం ఎక్కడ అమ్ముతారు?

పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ప్రభుత్వాసుపత్రుల టెండర్లు సరిగ్గా ఇలాగే ఉన్నాయి. ఇంజెక్షన్ అవగానే సూది లోపలికి ముడుచుకుపోయే సిరంజి, పీవీసీ అనే ప్లాస్టిక్ వాడని సెలైన్ సంచి, కరిగించి మళ్లీ వాడుకోగల ట్రే తయారుచేసే చిన్న కంపెనీకి టెండర్ ఫారంలో ముందుగా ఎదురయ్యేవి మూడేళ్ల టర్నోవర్, పాత సరఫరాల అనుభవం. ఆసుపత్రి కొంటేనే అనుభవం. అనుభవం ఉంటేనే ఆసుపత్రి కొంటుంది!

వేదికెక్కితే కబుర్లు వేరు. వైద్య పరికరాల తయారీకి విశాఖలో 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్, హైదరాబాద్ శివార్లలోని సుల్తాన్‌పూర్‌లో పార్కు అంటూ చప్పట్లు. స్టార్టప్‌లకు టర్నోవర్, అనుభవం షరతులు సడలించవచ్చని కేంద్రం 2017 ఆర్థిక నియమావళిలో రాసుకుంది. 'వచ్చు' అన్న ఆ ముక్కలోనే ఉంది కిటుకంతా. దానికి ముందే, 2016లో, ఆరోగ్యానికి సంబంధించిన కొనుగోళ్లలో అనుభవజ్ఞులకే మొగ్గు చూపవచ్చంటూ ఆర్థిక శాఖ సర్క్యులర్ పంపింది. అంటే ఏ రంగంలో చిన్న కంపెనీకి చేయూత ఎక్కువ కావాలో, ఆ రంగంలోనే తలుపు వేసుకునే వీలు.

ప్రాణాలతో చెలగాటమాడే సరుకు కాబట్టి కొత్తవారిని గుడ్డిగా నమ్మలేమన్న వాదన ఉంది, నిజమే. అందుకు ల్యాబ్ పరీక్షలున్నాయి, లైసెన్సులున్నాయి. బ్యాలెన్స్ షీట్ చూసి సూది నాణ్యత తేల్చే విద్య ఎక్కడిది?

రాత్రి డ్యూటీలో, నిండిన వార్డులో, ఒక చేత్తో రోగి మోచెయ్యి పట్టుకుని మరో చేత్తో సూదికి క్యాప్ వెతుక్కునే నర్సును చూడండి. తెల్లారాక ఆసుపత్రి వ్యర్థాల ఎర్ర సంచి మూతి బిగించే పారిశుద్ధ్య కార్మికురాలి పల్చటి గ్లవ్‌ను చూడండి. ఆ సూది హెపటైటిస్-బి రోగిదైతే, టీకా లేని మనిషికి జబ్బు అంటుకునే ముప్పు నూటికి 6 నుంచి 30. హెచ్‌ఐవీ అయితే దాదాపు వెయ్యికి 3. వాడేసిన సిరంజిలు మళ్లీ వాడితే ఏమవుతుందో 2009లో గుజరాత్‌లోని మొడాసా పదుల ప్రాణాలిచ్చి చూపించింది.

ఇక్కడ చిక్కు ఇంకొకటి ఉంది. 2016 వ్యర్థాల నిబంధనల ప్రకారం సూది తీసిన సిరంజి ఎర్ర సంచిలోకి, అక్కడి నుంచి శుద్ధి చేసి రీసైక్లింగ్‌కు వెళ్తుంది. సూది విడిపోని సిరంజి తెల్ల డబ్బాలోకి. ముడుచుకునే సిరంజిలో సూది లోపలే ఉండిపోతుంది. అంటే చేతికి భద్రమైనది రీసైక్లింగ్‌కు అంత తేలిగ్గా లొంగదు. ఈ ముడి విప్పాలని చూసే చిన్న ఇంజనీర్లనే అనుభవం లేదని గుమ్మంలో నిలబెడతామా?

అమెరికాలోనూ ఇదే తంతు. ముడుచుకునే సిరంజి చేసిన టెక్సస్ ఇంజనీర్ థామస్ షా, పెద్ద కంపెనీలూ ఆసుపత్రుల కొనుగోలు సంఘాలూ కలిసి దారి మూసేశాయంటూ కోర్టుకెక్కారు. 2004లో సిరంజిల దిగ్గజం బెక్టన్ డికిన్సన్ 10 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. మన దగ్గర అలా కోర్టులో ఏళ్లకేళ్లు నిలబడే స్తోమత ఏ చిన్న కంపెనీకి ఉంది?

రెండు తెలుగు రాష్ట్రాలైనా తమ టెండర్లలో 'సడలించవచ్చు'ను 'సడలించాలి' అని రాయాలి. నాణ్యత పరీక్ష నెగ్గిన కొత్త సరుకును కొన్ని జిల్లా ఆసుపత్రుల్లో ముందుగా వాడి చూడాలి. సిరంజికి రూపాయి మిగిల్చామని ఫైల్లో రాసుకునే అధికారులు, సూది గుచ్చుకున్న నర్సు హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజులు మింగే మాత్రల ఖర్చు, ఆమె టెన్షన్ ఏ పద్దులో రాస్తున్నారో కూడా చెప్పాలి. ఇవేవీ చేతకాకపోతే మంత్రులు స్టార్టప్ సభలకు వెళ్లడం మానేయాలి. శాలువాలైనా మిగులుతాయి.