మైనస్ 20 ఫ్రీజర్ గారికి ఒక విన్నపం

అయ్యా ఫ్రీజర్ గారూ,

బెంగళూరులో యశ్వంతపురం వైపున్న మా ల్యాబ్‌లో మీ పరపతి మామూలుది కాదు. ఏదైనా పాడవుతుందని అనుమానం వస్తే చాలు, అదేమిటో, ఎందుకు పాడవుతుందో ఎవరూ అడగరు, 'ఫ్రీజర్‌లో పడేయ్ రా' అంటారంతే. అలాగే ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన థైమిడిన్ (డీఎన్‌ఏ తయారీకి వాడే అణువు) సీసా కూడా మీ పాలబడింది.

మా సార్ ధీమా ఏంటంటే, ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు, ఇంకా బోలెడు టైముంది అని. అది పరమాణువు లెక్క సార్, అణువు గతి వేరు. ట్రిటియం వదిలే బీటా కణం నీళ్లలో మహా అయితే 6 మైక్రాన్లు పోతుంది, సీసా గోడ దాటి మన దాకా రాలేదు, కాబట్టి దాని ప్రతాపమంతా లోపలే చూపించాలి. నీటిని చీల్చి, దేన్నైనా ఇట్టే పట్టుకుని చెడగొట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే ముక్కల్ని పుట్టిస్తుంది, అవి థైమిడిన్ మీద పడతాయి. (మీ తలుపు మీదున్న పసుపు రేడియేషన్ హెచ్చరిక బొమ్మ మమ్మల్ని కాపాడటానికి. లోపలివాళ్లకి దిక్కెవరు?)

ఇక మీ సేవ సంగతి. మీరు తాపీగా గడ్డ కట్టిస్తారు. నీళ్లు శుభ్రమైన మంచుగా విడిపోతుంటే థైమిడిన్ అణువులన్నీ మిగిలిన ఇరుకులోకి వెళ్లి, సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గర బస్సులో జనంలా కుక్కుకుంటాయి. నీళ్లలో వృథాగా పోవాల్సిన దెబ్బ పక్కవాడికి తగులుతుంది. అదే సీసాని 2 శాతం ఇథనాల్‌తో, గడ్డ కట్టకుండా 2 డిగ్రీల దగ్గర ఉంచితే ఆ రాడికల్స్‌ని ఇథనాలే ముందు పట్టుకునేది. గడ్డే కట్టాలంటే లిక్విడ్ నైట్రోజన్‌లో చటుక్కున కట్టాలి, మైనస్ 140 కిందే ఉంచాలి. స్కాన్ కోసం ఒంట్లోకి ఎక్కించే రేడియోధార్మిక చక్కెర ఎఫ్‌డీజీకి, దాని అర్ధాయువు 110 నిమిషాలే అయినా, పెట్ స్కాన్ దాకా చెడకూడదని, కాస్త ఇథనాల్ కలిపే పద్ధతి ఉంది. మాకేమో ఏళ్ల తరబడి మీరే శరణ్యం.

మొన్న హెచ్‌పీఎల్‌సీలో (కలిసున్న పదార్థాల్ని విడదీసి గ్రాఫ్ గీసే యంత్రం) వేస్తే ఒక్క పీక్ రావాల్సిన చోట దాని ముందు ఇంకో రెండు బుడిపెలు. రేడియేషన్ కొలిచే కౌంటర్ మాత్రం కౌంట్స్ పూర్తిగానే చూపించింది, ట్రిటియం ఎక్కడికీ పోలేదుగా, ఏ అణువు ఒంటి మీదుందన్నదే గొడవ.

గ్రాఫ్ చూసి సార్ చాలాసేపు ఆలోచించారు. మీ చల్లదనం చాలట్లేదని తేల్చారు. మీ స్థానంలోకి కొత్తదానికి కొటేషన్లు అడిగారు, దానికదే మంచు కరిగించుకుని మళ్లీ గడ్డ కట్టించే రకం కావాలట.

ఇట్లు,
మీ పై అర తుడిచే రీసెర్చ్ స్కాలర్