శ్రీశైలం నీటిమట్టమే గణిత పాఠం కావాలి

వరద మొదలైతే చాలు, ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, నిల్వ ఇన్ని టీఎంసీలు అంటూ పత్రికలు రోజూ అంకెలు అచ్చు వేస్తాయి. లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే జలాశయంలో ఎంత నీరు చేరుతుందని అడిగి చూడండి, పదో తరగతి పాసైన వాళ్లు కూడా తడుముకుంటారు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. జవాబు 8.64 టీఎంసీలు. ఈ లెక్కకు గుణకారం, భాగహారం చాలు. అయినా మన బడుల్లో మాత్రం ఎక్కడా లేని తొట్టిని రెండు కుళాయిలు నింపుతూనే ఉంటాయి.

శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నిల్వ దాదాపు 215.8 టీఎంసీలు. 854 అడుగుల దగ్గర సుమారు 90, 834 అడుగుల దగ్గర సుమారు 54. ఈ మూడు బిందువులను గ్రాఫు కాగితం మీద పెట్టించండి. పైనున్న 31 అడుగుల్లో అడుగుకు నాలుగు టీఎంసీలు పడతాయి, కింది 20 అడుగుల్లో రెండు కూడా పడవు. వాలు ఎందుకు మారిందని పిల్లలే అడుగుతారు. పైకి పోయేకొద్దీ జలాశయం వెడల్పవుతుందని వాళ్లే కనిపెడతారు. తొలినాళ్లలో ఈ జలాశయం సామర్థ్యం 308 టీఎంసీలని చెబితే, తగ్గిన 30 శాతం ఎక్కడికి పోయిందని మరో ప్రశ్న పుడుతుంది. పూడిక గురించి వ్యాసం రాయించనక్కర్లేదు, శాతాల లెక్క చేయిస్తే చాలు.

నన్ను అన్నిటికంటే ఉత్సాహపరిచేది ఓజివ్ వక్రం. సంచిత పౌనఃపున్యాలు కూడి, చుక్కలు కలిపి, మార్కులు తెచ్చుకుని పిల్లలు మరిచిపోయే పాఠం అది. కృష్ణా జలాల పంపకం మొత్తం ఆ వక్రం మీదే నిలబడి ఉంది. కృష్ణా నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహాలను పరిశీలించి, 75 శాతం డిపెండబిలిటీ వద్ద నదిలో 2,060 టీఎంసీలు లభిస్తాయని తేల్చింది. అంటే నూటికి 75 ఏళ్లు ఆ మేరకో, అంతకు మించో నీరు వస్తుంది, మిగతా 25 ఏళ్లు రాదు. ఆ 78 అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, దాదాపు 59వ స్థానంలో ఏముందో చూడటమే ఇందులోని గణితం. తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 65 శాతం లెక్కనూ తీసుకుంది. శాతం తగ్గించగానే కాగితం మీద నీరు పెరుగుతుంది, నదిలో చుక్క కూడా పెరగదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన 811 టీఎంసీల మీద ఇన్నేళ్లుగా గొడవ పడుతున్నాం. ఆ అంకె వెనుక ఉన్న వక్రాన్ని ఒక్క తరగతి గదిలోనైనా గీశామా?

సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలడం లేదని ఉపాధ్యాయులు అంటారు. నీటి తగాదా బడిలోకి వస్తే రాజకీయమూ వస్తుందని అధికారులు భయపడతారు. మొదటిది న్యాయమైన బాధే. కానీ నేను అడుగుతున్నది కొత్త అధ్యాయం కాదు, ఉన్న లెక్కల్లో కల్పిత అంకెల బదులు నిజమైన అంకెలు. ఇక కష్టమనే మాటకొస్తే, అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే ఏపీఎఫ్ఏఎంజీఎస్ ప్రాజెక్టు కింద రైతులు వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. వారిలో బడి ముఖం చూడనివారూ ఉన్నారు. వాళ్లు చేసిన పని పదిహేనేళ్ల పిల్లలు చేయలేరా?

అసలు నష్టం మార్కుల్లో లేదు. శ్రీశైలంలో ఉంచాల్సిన కనీస నీటిమట్టం 834 అడుగులా, 854 అడుగులా అని రెండు రాష్ట్రాల నాయకులు సభల్లో గర్జిస్తారు. మన నీళ్లు దోచుకుపోయారని ఒక అంకె విసురుతారు. ఆ 20 అడుగుల్లో ఉన్నది దాదాపు 36 టీఎంసీలని లెక్కకట్టగలిగినవాడు చప్పట్లు కొట్టే ముందు ఆగుతాడు, ఆ నీరు ఎవరి పొలానికి, ఏ నెలలో అని అడుగుతాడు. లెక్క రాని ప్రజలను ఏ పార్టీ అయినా ఏ అంకెతోనైనా రెచ్చగొట్టగలదు. రాయలసీమ రైతునూ, పాలమూరు రైతునూ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం ఇంత తేలికైందంటే అందులో మన గణిత బోధన వాటా కూడా ఉంది.

జలాశయాల వివరాలు రోజూ ప్రజలకు అందుతూనే ఉన్నాయి. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా గణిత పుస్తకాల్లో ఖాళీ పట్టికలు ముద్రించి, ఆ వారపు నీటిమట్టాలను పిల్లల చేతే నింపించే పనిని పాఠ్యపుస్తకాలు తయారుచేసే రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు వచ్చే విద్యాసంవత్సరమే మొదలుపెట్టాలి.