ఆఫీసు అమ్మవచ్చు, అడవి అమ్మకూడదు: సంరక్షణ సంస్థల ఆస్తి ఎవరి పేరున ఉండాలి?

ప్రకృతి సంరక్షణ కోసం లాభాపేక్ష లేకుండా పనిచేసే సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని, తాను కాపాడుతున్న భూమిని ఇకమీదట ఎవరి పేరున ఉంచాలని పునరాలోచిస్తున్నదంటే, చాలామంది దాన్ని ఆర్థిక ఇబ్బందికి సంకేతంగా చూస్తారు. నిజానికి ఆ ప్రశ్న సంస్థ బాగున్న రోజుల్లోనే వేసుకోవలసినది. కార్యాలయ భవనమూ సంరక్షిత భూమీ ఒకే దస్తావేజుల బీరువాలో, ఒకే ఆస్తుల పట్టీలో పక్కపక్కనే ఉన్నంత కాలం, మొదటిదాని మీద తెచ్చిన అప్పు రెండోదాన్ని చుట్టుకునే ప్రమాదం ఉంటుంది.

భవనం పనిముట్టు. సిబ్బంది పెరిగితే చాలదు, తగ్గితే భారమవుతుంది, పైకప్పు కారితే మరమ్మతుకు విరాళాలు అడగాలి. భూమి అలా కాదు, సంస్థ పుట్టిందే దాని కోసం. అయితే తనఖా పెట్టించుకునే బ్యాంకుకు ఈ తేడా పట్టదు. ప్రత్యేకమైన ఆంక్ష ఏదీ రాసి ఉండకపోతే, సంస్థ దివాలా తీసిన రోజున చిత్తడి నేల కూడా అమ్మకానికి పనికివచ్చే స్థిరాస్తే.

ఈ తేడాను చట్టంలోకి ముందుగా తెచ్చినవాటిలో బ్రిటన్‌లోని నేషనల్ ట్రస్ట్ ఒకటి. 1895లో ఏర్పడిన ఆ సంస్థకు, తన భూముల్ని అన్యాక్రాంతం కానివిగా ప్రకటించే అధికారాన్ని 1907లో పార్లమెంటు ఇచ్చింది. అలా ప్రకటించిన భూమిని అమ్మే హక్కూ, తనఖా పెట్టే హక్కూ ట్రస్టుకు కూడా ఉండవు. కేవలం పెట్టుబడిగా ఉంచుకున్న ఆస్తులకు మాత్రం ఈ కట్టుబాటు వర్తించదు. 2005లో తన కేంద్ర కార్యాలయాన్ని లండన్ నుంచి స్విండన్‌లోని పాత రైల్వే వర్క్‌షాపుల స్థలానికి మార్చుకున్నప్పుడు, ఆ మార్పు వల్ల ట్రస్టు కాపాడుతున్న కొండలకూ తీరాలకూ ఏ ముప్పూ రాలేదు. ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది, సంస్థ తన చేతుల్ని తానే కట్టేసుకోవడం. ఇవాళ్టి పాలకమండలి ఎంత నిజాయితీగలదైనా, ముప్పై ఏళ్ల తరువాత ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో ఎవరూ హామీ ఇవ్వలేరు.

అలాంటి ప్రత్యేక చట్టం లేని అమెరికాలో కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అనే ఒప్పందం ఆ పని చాలావరకు చేస్తుంది. యాజమాన్యం ఒకరి దగ్గర ఉంటుంది, అక్కడ కట్టడాలు కట్టనివ్వకుండా, చెట్లు కొట్టనివ్వకుండా అడ్డుకునే హక్కు మరొకరి దగ్గర ఉంటుంది. ఉత్తర కాలిఫోర్నియా తీరంలో 523 ఎకరాల రెడ్‌వుడ్ అడవిని సేవ్ ది రెడ్‌వుడ్స్ లీగ్ అనే సంరక్షణ సంస్థ కొని, పది ఆదివాసీ తెగల కూటమి అయిన ఇంటర్‌ట్రైబల్ సింక్యోన్ విల్డర్‌నెస్ కౌన్సిల్‌కు ఉచితంగా అప్పగించింది. కౌన్సిల్ తిరిగి లీగ్‌కు ఈజ్‌మెంట్ రాసిచ్చింది. వాణిజ్య అవసరాలకు కలప నరకడం, భూమిని ముక్కలు చేయడం, కట్టడాలు లేపడం ఇక కుదరవు. ఒక తాళానికి రెండు చెవులు పెట్టి, ఇద్దరి చేతుల్లో ఉంచినట్టయింది. బలవంతంగా తరిమివేయబడిన ప్రజల వారసులకు వాళ్ల నేల తిరిగి దక్కడం దానికదే న్యాయం, సంరక్షణకు అదనపు బలం కూడా. భూమిని కాపాడాలంటే దాని యజమాని సంరక్షణ సంస్థే అయి ఉండాలన్న పాత నమ్మకాన్ని ఈ ఉదాహరణ గట్టిగా ప్రశ్నిస్తుంది.

ప్రభుత్వానికి అప్పగించడం మరో దారి. చిలీలో అమెరికన్ వ్యాపారవేత్తలైన టాంప్కిన్స్ దంపతుల సంస్థ కొన్న సుమారు పది లక్షల ఎకరాలు, అతిథి గృహాలు, ఇతర సదుపాయాలతో సహా, 2017లో కుదిరిన ఒప్పందం ప్రకారం జాతీయ ఉద్యానవనాల్లో కలిశాయి. ఆ స్థాయి భూమికి అది సరైన దారే. చిన్న సంస్థ చేతిలోని యాభై ఎకరాల వాగు ఒడ్డును తీసుకోవడానికి ఏ ప్రభుత్వమూ అంత ఉత్సాహం చూపదు.

అసలు చిక్కు, కార్యాలయం సంరక్షిత భూమి మధ్యలోనే ఉన్నప్పుడు వస్తుంది. పాత పొలం ఇంటినే ఆఫీసుగా మార్చుకున్న సంస్థలకు ఇది బాగా తెలుసు. భవనాన్ని విడదీసి అమ్మాలంటే ముందు సర్వే చేయించి హద్దురాళ్లు పాతాలి. బావి ఏ ముక్కలోకి వస్తుందో, మురుగునీటి గొయ్యిలోని నీరు ఎటువైపు ఊరుతుందో, కొన్నవాడి కార్లు ఏ బాట మీదుగా వెళ్తాయో ముందే తేల్చాలి. దారి హక్కు గురించి ఒక వాక్యం అజాగ్రత్తగా రాస్తే, పదేళ్ల తరువాత ఆ కాలిబాట తారు రోడ్డుగా మారుతుంది. ఇటువంటి చోట భవనాన్ని అమ్మడం కంటే, భూమిని వేరే ట్రస్టు పేరిట పెట్టి, భవనాన్ని దాని నుంచి దీర్ఘకాలిక లీజుకు తీసుకోవడమే క్షేమమని నా అభిప్రాయం.

భవనం అమ్మితే వచ్చే డబ్బు సంగతీ తేల్చుకోవాలి. దాన్ని జీతాల లోటు పూడ్చడానికి వాడితే రెండేళ్లలో కరిగిపోతుంది, భవనమూ ఉండదు, డబ్బూ ఉండదు. భూమిని ఏటా తనిఖీ చేయడానికీ, పరాయి మొక్కల్ని పీకించడానికీ, హద్దు దాటిన పొరుగువారితో కోర్టులో వాదించడానికీ శాశ్వత నిధి కావాలి, ఆ డబ్బు అందులోకే వెళ్లాలి. ఫలానా భవనం కోసమే అని దాతలు షరతు పెట్టి ఇచ్చిన విరాళమైతే వారి సమ్మతి, అవసరమైతే కోర్టు అనుమతి తీసుకోకుండా ఆ మార్పు చేయకూడదు.

ఇక వరుసక్రమం విషయంలో రాజీ పనికిరాదు. ముందు భూమి మీద ఈజ్‌మెంట్‌ను మరో స్వతంత్ర సంస్థ పేరున రిజిస్టరు చేయించాలి, తరువాత భూమి యాజమాన్యాన్ని వేరుచేయాలి, ఆ రెండూ పూర్తయ్యాకే కార్యాలయాన్ని అమ్మాలా, అద్దెకివ్వాలా, అట్టిపెట్టుకోవాలా అన్న చర్చను పాలకమండలి ఎజెండాలో చేర్చాలి.